నవ్వుకూ కులముంది

రెండేళ్ళ క్రితం ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సుకు, నా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక యువకుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళాను. అతనిది పాచిపెంట కొండల్లో నలభై గడపల ఊరు. కొండదొర తెగకు చెందినవాడు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టాలు నేల మీద ఏ మేరకు అమలయ్యాయన్నది అతని పరిశోధనాంశం. అందుకోసం సాలూరు చుట్టుపక్కల కొండలన్నీ కాలినడకన తిరిగాడు. సదస్సులో పత్రం చదివినంతసేపూ సభ శ్రద్ధగానే విన్నది. ప్రశ్నల వేళ వచ్చింది. అతను కాగితం పక్కనపెట్టి, ‘అదేటంతే సార్, పట్టా ఇచ్చీసినారు గానీ బూమి చూపించనేదు’ అని మొదలుపెట్టాడు. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వెనక వరుసలదాకా పాకింది. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దమనిషి సభను సర్దుతున్నాననుకొని, ‘మా అపార్టుమెంటు వాచ్‌మన్ కూడా అచ్చం ఇలాగే మాట్లాడతాడు, చాలా మంచివాడు’ అన్నారు. మళ్ళీ నవ్వులు. ఈసారి అవి ఆప్యాయంగా కూడా ఉన్నాయి. నా విద్యార్థి మిగిలిన జవాబులు తడబడే ఇంగ్లీషులో చెప్పి కూర్చున్నాడు. పట్టా ఇచ్చి భూమి చూపకపోవడమనే అన్యాయాన్ని గురించి ఆ మధ్యాహ్నం ఎవరూ మాట్లాడలేదు.

ఆ పెద్దమనిషి దుష్టుడు కాడు. కులం గురించి మంచి వ్యాసాలు రాసినవాడే. అందుకే ఆయన అన్న మాట నన్ను ఇంకా వదల్లేదు. ఒక పరిశోధకుడు నోరు విప్పగానే ఆయనకు మరో పరిశోధకుడు గుర్తుకు రాలేదు, గురజాడ గుర్తుకు రాలేదు, గిడుగు గుర్తుకు రాలేదు. తన ఇంటి గేటు దగ్గర నిలబడే కూలిమనిషి గుర్తుకొచ్చాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యాస వినబడగానే తెలుగునాట పుట్టే నవ్వును ఇన్నాళ్ళూ మనం ప్రాంతీయ పరిహాసంగానే లెక్కవేస్తున్నాం. ఏ ఊరి వాళ్ళు ఆ పక్క ఊరి వాళ్ళను ఆటపట్టించడం వంటిదే ఇదీ అనుకుంటున్నాం. కాదని నా అభిప్రాయం. ఈ నవ్వు యాస మీద మొదలై, ఆ యాసను మోసుకొచ్చిన పని మీదుగా, ఆ పని చేసే కులాల దగ్గరికి చేరుతుంది. ఇంకా ముందుకు పోతే మా సాలూరు కొండ ఎక్కుతుంది. అక్కడ నవ్వేవాళ్ళం మేమే. ఆ సంగతి కూడా ఈ వ్యాసంలో చెప్పక తప్పదు.

ముందు యాస సంగతి. మావాళ్ళు ‘అంతాడు, తింతాడు, వింతాడు’ అంటే మిగతావాళ్ళకు నవ్వు. ‘వస్తాడు, చేస్తాడు’ అన్నప్పుడు వినిపించే ఆ ‘త’కారమే ఇక్కడా ఉంది. మధ్యకోస్తాలో నకారం తరువాత అది ‘ట’కారమైంది, మా దగ్గర కాలేదు. అంతే తేడా. రెండూ నియమాలే. ‘చేసినాడు’ అని పాఠ్యపుస్తకంలో ఉంటే అది గంభీరమైన శైలి. ‘చేసీసినాడు’ అని తాపీకూలీ అంటే హాస్యం. అరిగి కురచబడింది ‘చేసేశాడు’ కాగా, అరగనిదాన్ని వికృతమని నవ్వుకుంటున్నాం. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును నాలుగు మండలాలుగా విభజించినప్పుడు పూర్వమండలమని పేర్కొన్నది ఈ నేల భాషనే. ఆయన దృష్టిలో నాలుగూ మాండలికాలే. ఒకటి భాష, మిగిలిన మూడూ యాసలు అనే లెక్క భాషాశాస్త్రంలో లేదు. అది మన పత్రికా కార్యాలయాల్లో, సినిమా స్టూడియోల్లో, తరగతి గదుల్లో పుట్టింది.

మరి మధ్యకోస్తా మాటే ప్రామాణికం ఎందుకైంది? తియ్యగా ఉండడం వల్ల కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ కాలువల కింద పండిన వరి వెనక కళాశాలలు వచ్చాయి, అచ్చు యంత్రాలు వచ్చాయి, ఆ తరువాత సినిమా పెట్టుబడి వచ్చింది. అదే కాలంలో మా ప్రాంతమంతా జమీందారీల కింద ఉంది. 1802 శాశ్వత శిస్తు ఒప్పందం నాటినుంచి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా, దాదాపు ఒకటిన్నర శతాబ్దం, విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పాచిపెంట, కురుపాం, మేరంగి ఎస్టేట్లకు ఈ రైతు శిస్తు కట్టాడు. వంశధార మీద గొట్టా బ్యారేజీ లేవడానికి ఆ డెల్టా ఆనకట్టల తరువాత నూరేళ్ళకు పైగా పట్టింది. నాగావళి మీద తోటపల్లి బ్యారేజీ 2015లో ప్రారంభమైంది. మనం ప్రామాణికమంటున్నది ఆనకట్ట నీళ్ళు తాగిన భాష. ఆ నీళ్ళందని పొలంలో మాట్లాడుకున్న భాష ‘మోటు’ అయింది. ఆ కాలువల కిందనైనా ప్రామాణికమైంది అందరి మాటా కాదు. గిడుగువారి వ్యావహారికోద్యమం సైతం శిష్ట వ్యావహారికం దగ్గరే ఆగింది. డెల్టాలోని మాలపల్లె పలుకుబడికి కూడా అందులో చోటు దొరకలేదు. ఒక ప్రాంతంలోని చదువుకున్న పైకులాల నోటిమాట ఒక జాతి మొత్తానికి కొలబద్దగా మారింది. నవ్వుకు పునాది అక్కడే పడింది.

నీళ్ళు లేనిచోట మనిషి కదులుతాడు. మా వృద్ధుల నోట ‘రంగం’ అనే మాట ఇప్పటికీ వినబడుతుంది. రంగం అంటే రంగూన్. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాదిమంది ఓడలెక్కి బర్మా రేవుల్లో మూటలు మోశారు, రిక్షాలు లాగారు, వరి మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ వాళ్ళకు ‘కోరంగీ’లని పేరొచ్చింది. ఆ పేరు గౌరవవాచకం కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేసినప్పుడు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక వాళ్ళను తీసేశారు. ఇద్దరు పేదల మధ్య యజమానులు పెట్టిన ఆ చిచ్చు ఊచకోతగా మారింది. 1942లో జపాను సేనలు వస్తున్నప్పుడు అడవులగుండా కాలినడకన తిరిగివచ్చిన వారిలో మావాళ్ళెందరో ఉన్నారు. మారిషస్ చెరకు తోటలకూ, అస్సాం తేయాకు తోటలకూ, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకూ వెళ్ళినవాళ్ళ కథలూ ఈ కోవలోవే.

ఇవన్నీ పాత సంగతులని పక్కన పెట్టలేం. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. మృతుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వలస కూలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2018 నవంబరులో గుజరాత్ వేరావల్ పడవల మీద వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ గస్తీదళానికి చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో మగ్గారు. సొంత తీరంలో ఇన్ని మైళ్ళ సముద్రముండగా, దేశానికి ఆ కొసన ఇంకొకరి పడవ మీద వాళ్ళకేం పని అని అడిగినవాళ్ళు తక్కువ.

హైదరాబాదులో, విజయవాడలో, చెన్నైలో ఈ యాస ఎక్కడ వినబడుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. సగం కట్టిన అపార్టుమెంటు దగ్గర. హోటలు వంటగదిలో. ఇళ్ళలో అంట్లు తోమే చోట. అక్కడికి చేరినవాళ్ళెవరు? తూర్పు కాపులలో, కొప్పుల వెలమలలో, కాళింగులలో భూమి చాలని చిన్న రైతులు. జాలారులు, యాతలు. మాలలు, రెల్లి, పైడి కులాలవారు. కొండదిగి వచ్చిన జాతాపులు, సవరలు. ఈ జిల్లాల నుంచి వెళ్ళిన బ్రాహ్మణుడి యాస ఎవరికీ నవ్వు తెప్పించలేదు. ఆయన రెండేళ్ళలో ఆ యాసను వదులుకున్నాడు. వదులుకోగలగడమే ఒక హోదా. వదులుకోలేనివాడు కూలీగా మిగిలాడు కనుక, ఆ కూలీ మాటే మొత్తం ప్రాంతం మాటగా బయటి చెవులకు చేరింది. తెలుగు సినిమా దశాబ్దాలుగా పనిమనిషికీ, కాపలాదారుకూ, చిల్లర దొంగకూ ఈ యాస తగిలించడం కేవలం రచయితల సోమరితనం కాదు. ఆ రచయిత ఆ యాసను తన ఇంట్లో విన్నది ఎవరి నోటినుంచో ఆ పాత్రకే ఇచ్చాడు. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018), ‘పలాస 1978’ (2020) వంటి కొద్ది సినిమాల్లో మాత్రమే ఈ భాష మాట్లాడేవాడు ప్రేమించాడు, కోప్పడ్డాడు, కులం పేరెత్తి ప్రశ్నించాడు. అప్పుడు హాల్లో ఎవరూ యాసకు నవ్వలేదు. దీన్నిబట్టి నవ్వు శబ్దంలో లేదని తేలుతుంది.

ఎగతాళి కన్నా నాకు ఎక్కువ అనుమానం కలిగించేది మరొకటుంది. అది మెచ్చుకోలు. ‘ఉత్తరాంధ్ర ప్రజలు అమాయకులు, కల్లాకపటం ఎరుగని వారు.’ ఎన్నికలప్పుడు వేదికల మీద, జిల్లాకు బదిలీమీద వచ్చిన అధికారుల వీడ్కోలు సభల్లో, ప్రయాణ కథనాల్లో ఈ మాట వింటూనే ఉంటాం. అమాయకుడంటే తనకు జరుగుతున్నది తనకు తెలియనివాడు. తెలియనివాడి తరఫున ఇంకొకరు నిర్ణయించవచ్చు. అతని భూమికి, అతని ఓటుకు, అతని కొండకింది ఖనిజానికి ఇంకొకరు సంరక్షకులు కావచ్చు. ‘వెనుకబడిన’ అన్న మాటా అంతే. 2011 జనగణనలో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67.02. అంకె అబద్ధం కాదు. కానీ ‘వెనుకబడిన’ అనే పదంలో మనిషి తనంత తానుగా వెనుక నిలిచిపోయినట్టు ధ్వని ఉంది. బడి కట్టనివాళ్ళు ఆ వాక్యంలో ఎక్కడా కనిపించరు.

ఈ ‘అమాయకత్వం’ లోతు తెలియాలంటే మా సాలూరు దాపునే జరిగిన ఒక సంఘటన చూడాలి. 1900వ సంవత్సరం. పాచిపెంట ప్రాంతంలోని కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొర చుట్టూ నాలుగైదు వేల మంది గుమిగూడారు. తాను పంచపాండవులలో ఒకరి అవతారమనీ, తన పసికొడుకు శ్రీకృష్ణుడనీ, ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొట్టి తానే రాజ్యమేలుతాననీ మల్లయ్య ప్రకటించాడు. వెదుళ్ళు కోసి తుపాకుల ఆకారంలో చెక్కించి, వాటితో తనవారికి కవాతు నేర్పించాడు. సమయం వచ్చినప్పుడు ఆ వెదుళ్ళు నిజం తుపాకులవుతాయనీ, సర్కారు ఆయుధాలు నీళ్ళయిపోతాయనీ చెప్పాడు. మే 1న సంగతి చూడవచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళను గుంపు కొట్టి చంపింది. మే 7 తెల్లవారుజామున జిల్లా మేజిస్ట్రేటు విశాఖ, పార్వతీపురం, జయపూరు నుంచి రప్పించిన పోలీసులతో శిబిరం మీద పడ్డాడు. కాల్పుల్లో పదకొండు మంది చనిపోయారు. అరవై మందిపై దొమ్మీ కేసు నడిచింది. మల్లయ్య జైల్లోనే చనిపోయాడు, మరో ఇద్దరిని ఉరితీశారు. పసివాడు కృష్ణుడు కూడా చనిపోయాడు.

1907 విశాఖపట్నం జిల్లా గెజిటీరూ, తరువాత రెండేళ్ళకు వచ్చిన థర్‌స్టన్ కులాల, తెగల గ్రంథమూ ఈ ఉదంతాన్ని నమోదుచేశాయి. మూఢుల ఉన్మాదంగా నమోదుచేశాయి. చదువుతున్నప్పుడు ఆ వెదురు తుపాకుల దగ్గర పెదవి మీద చిరునవ్వు మొలుస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వాననే ఒప్పుకుంటాను. తరువాత ఆలోచించాను. అయిదు వేలమంది తమ ఊళ్ళు వదిలి ఒక శిబిరానికి ఎందుకు వచ్చారు? నిజం తుపాకీ చేతికందని మనిషి, తుపాకీయే రాజ్యమని తన అనుభవంలో తెలుసుకున్న మనిషి, తన కొండలో దొరికేదానితో రాజ్యాన్ని ఊహించుకున్నాడు. రాజ్యం ఎవరి చేతుల్లో, దేని బలంతో నడుస్తున్నదో అతనికి తెలియకపోతే వెదురును తుపాకీగా చెక్కేవాడు కాడు. ఏ నాగలిగానో చెక్కేవాడు. అజ్ఞానమంటే అతనికి బలాబలాల లెక్క కుదరకపోవడమొక్కటే.

ఇరవై రెండేళ్ళ తరువాత, 1922లో, మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు నడిపాడు. ఆయన త్యాగాన్ని తగ్గించే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆయనకు మహిమలున్నాయని, తూటాలు ఆయన్ను తాకవని జనం నమ్మిన సంగతి మన పుస్తకాలు భక్తితో రాసుకుంటాయి. కొర్ర మల్లయ్య మహిమలు మాత్రం మూఢనమ్మకంగా మిగిలాయి. మైదానంనుంచి వెళ్ళిన క్షత్రియ యువకుడు మన్యానికి నాయకుడైతే అది వీరగాథ. కొండదొర తానే రాజునన్నప్పుడు అది ఉన్మాదం. రామరాజు పక్కనే పోరాడిన గాం సోదరులు మల్లుదొర, గంటందొరల పేర్లు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆయన పేరున ఒక జిల్లా ఏర్పడింది, మంచిదే. మల్లయ్య పేరున కొర్రవానివలసలో ఒక బడి ఉన్నా నాకు సంతోషమే.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లు గిరిజన మహాసభకు వెళ్తున్న కోరన్న, మంగన్న లేవిడి దగ్గర భూస్వాముల తుపాకులకు బలయ్యారు. అక్కడినుంచి శ్రీకాకుళ గిరిజన పోరాటం వేరే దారి పట్టింది. 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం హతులయ్యారు. అదే ఏడాది షెడ్యూలు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూబదిలీని గట్టిగా నిషేధిస్తూ 1/70 నిబంధన వచ్చింది. ఆ పోరాట పంథాపై ఎవరి అభిప్రాయం వారిది. అమాయకులు అలాంటి చట్టాన్ని రప్పించలేరన్న ఒక్క మాట చాలు.

ఇక మా ఊరి సంగతి. సాలూరు వేగావతి ఒడ్డున, కొండల పాదాల దగ్గర ఉంది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉంది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. పాత 43వ, ఇప్పటి 26వ జాతీయ రహదారి మా ఊరి మీదుగానే సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్, రాయపూర్ వైపు సాగుతుంది. ఆ రోడ్డు మీదే మా ఊరు బతికింది. లారీ యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీలు కట్టే వడ్రంగులు, కమ్మరులు, రంగులు వేసే పెయింటర్లు. పాడైన ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పే మనుషుల మధ్య పెరిగాను. సోమరులనే మాట మా గురించి విన్నప్పుడల్లా, అర్ధరాత్రి ఘాటీ దిగి తెల్లారేసరికి మళ్ళీ సరుకెక్కించుకొనే ఆ డ్రైవర్లే కళ్ళముందు కదులుతారు.

బయటి ఊళ్ళ హాస్టల్లో నన్ను ‘ఏటి’ అని పిలిచేవారు. ‘ఏమిటి’ని ‘ఏటి’ అంటానని. మూడు నెలల్లో నేనూ యాస మార్చుకున్నాను. ఆ గాయాన్ని చాలాకాలం పదిలంగా దాచుకున్నాను, బాధితుడిగా ఉండడంలో ఒక సుఖముంది గనుక. తరువాతెప్పుడో ఆ గాయం పక్కనే మా ఇంటి వరండా కనిపించింది. చిన్న రైతు కుటుంబం మాది, వెనుకబడిన తరగతుల జాబితాలోనిది. సంత రోజున చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు నెత్తిన మోసుకొని తెల్లవారకముందే కొండ దిగివచ్చిన ఆడవాళ్ళు మా వీధిలోనూ ఆగేవారు. వాళ్ళు మా అమ్మను ‘బుగతమ్మా’ అనేవారు. నెరిసిన జుట్టు ముసలామెను కూడా మేము పిల్లలం ‘ఒసే’ అనే పిలిచేవాళ్ళం. తూకంలో ఏం జరిగేదో నాకు తెలుసు. తరువాత ఆ తూకాన్ని గురించి ఇంట్లో చెప్పుకొని నవ్వుకున్న నవ్వు కూడా గుర్తుంది. నేనేదైనా తెలివితక్కువ పని చేస్తే పెద్దవాళ్ళు తిట్టే తిట్టు ‘కొండోడి తెలివి’. అంట్లు తోమే మనిషి మాటను మధ్యకోస్తా ఎలా వినిందో, కొండమనిషి మాటను మేము అచ్చం అలాగే విన్నాం. పదాలు కూడా అవే: మోటువాళ్ళు, తాగుబోతులు, అమాయకులు, మంచివాళ్ళు.

అంబేద్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానత పాఠంగా చెబుతున్నప్పుడు విద్యార్థులు తలలూపుతారు. ప్రతి మెట్టు మీద ఉన్నవాడికీ తన కింద నవ్వడానికి ఒకడుండడమే ఆ నిర్మాణానికి ఆయుష్షు అని వాళ్ళకు అర్థం చేయించడానికి నేను మా వీధి సంతనే ఉదాహరణగా చెబుతాను. నవ్వు మెట్లు దిగినట్టు దిగుతుంది. హైదరాబాదు నుంచి శ్రీకాకుళానికి, శ్రీకాకుళంనుంచి సాలూరుకు, సాలూరునుంచి కొండకు. ఎక్కడా ఎవరూ దాన్ని పైకి పంపరు. అందుకే ‘ఉత్తరాంధ్ర ఆత్మగౌరవం’ అన్న నినాదం వినగానే చేతులు కలపలేకపోతున్నాను. తెలంగాణ తన యాసను తలవంపునుంచి రాజకీయంగా మార్చుకుంది, ఆ పాఠం విలువైనదే. కానీ మా దగ్గర ఆ నినాదం ఎత్తేవారిలో పాత ఎస్టేట్ల వారసులూ, కొండ భూముల మీద కన్నేసినవారూ ఉన్నారు. వాళ్ళ ఆత్మగౌరవంలో కొండమీది మనిషికి ఏ గది కేటాయించారో ముందు తెలియాలి.

కొండమనిషి పేరు మాత్రం అందరికీ కావాలి. మా సాలూరు శాసనసభ స్థానం షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయినది. 2004 ఎన్నికలో ఇక్కడ గెలిచిన అభ్యర్థి షెడ్యూల్డు తెగవాడు కాడని హైకోర్టు తేల్చడంతో, ఆయన ఎన్నిక చెల్లకుండా పోయి ఓడిన గిరిజన అభ్యర్థి శాసనసభ్యుడయ్యారు. నోటితో తిట్టుగా వాడే గుర్తింపే కాగితం మీద పదవి. అటు కొటియా ఊళ్ళు చూడండి. సాలూరు మండలానికి ఆనుకొని ఉన్న ఆ ఇరవయ్యొక్క గ్రామాల కోసం ఆంధ్ర, ఒడిశాలు దశాబ్దాలుగా సుప్రీంకోర్టులో వాదించుకుంటున్నాయి. 2021లో మన రాష్ట్రం అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టుకెక్కింది. అక్కడి వారి దగ్గర రెండు రాష్ట్రాల ఓటరు కార్డులున్నాయి, రేషన్ కార్డులున్నాయి. ఇరుపక్షాల పింఛన్లనూ, పథకాలనూ పక్కపక్కన పెట్టి బేరీజు వేసుకునే ఆ ఊళ్ళవాళ్ళను ఎవరైనా ‘అమాయక గిరిజనులు’ అన్నప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది. అంత జాగ్రత్తగా ప్రభుత్వాలను చదివే ఓటర్లు మన నగరాల్లో ఎందరున్నారు? అయినా వర్షాకాలంలో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకురావలసిన ఊళ్ళు ఈ కొండల్లో నేటికీ ఉన్నాయి.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషాదినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు గిడుగు రామమూర్తి పుట్టినరోజు. 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టాడు. అంటే మనం ఎవరి యాసకు నవ్వుతామో ఆ నేల మనిషి పేరునే భాషకు పండుగ చేస్తున్నాం. ఈ వైచిత్రిని చాలామంది ఎత్తిచూపారు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఆయన జీవితంలోని మరో సగం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండగా ఆయన సవరల దగ్గర కూర్చొని వాళ్ళ భాష నేర్చుకున్నాడు. దానికి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో, ఆయన మరణానికి రెండేళ్ళ ముందు అచ్చయింది. తెలుగు పండితులతో వ్యావహారికం కోసం తగవులాడిన మనిషి, తన ఊరివాళ్ళు మాటగా కూడా లెక్కించని మాట నేర్చుకోవడానికి దశాబ్దాలు వెచ్చించాడు. ముప్పై ఏళ్ళ తరువాత భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండదొరల కుబి భాష మీద ఇదే శ్రద్ధ పెట్టి 1969లో గ్రంథం ప్రచురించారు. వీళ్ళిద్దరూ నవ్వు దిగే మెట్ల మీద ఎదురు నడిచినవాళ్ళు. భాషాదినోత్సవ సభల్లో ఈ సగం గురించి ప్రసంగాలు వినబడవు. సవర విద్యార్థిని వేదిక మీదికి పిలిచి నృత్యం చేయమంటాం.

సదస్సు తరువాత మేమిద్దరం తిరుగు రైల్లో చాలాసేపు మాట్లాడుకోలేదు. బొబ్బిలి దాటాక అతనే అన్నాడు: ‘సార్, ఆల్లు నవ్వినందుకు నాకేటీ నేదు. మీరు నవ్వుతారేటోనని మీకేసి చూసినాను.’ నేను నవ్వలేదనే చెప్పాను. నవ్వలేదు కూడా. కానీ అతను ఆ క్షణంలో నావైపు ఎందుకు చూడవలసి వచ్చిందో మాకిద్దరికీ తెలుసు. అతనిది కొండ, నాది సాలూరు.

ఇప్పుడు అతని సిద్ధాంత గ్రంథం పూర్తికావచ్చింది. ముందుమాటలో తన ఊరి పేరు రాయమన్నాను. రెవెన్యూ రికార్డులో ఆ ఊరికి ఒక పేరుంది, ఎప్పుడో వచ్చిన సర్వేయరు తనకు వినబడినట్టు రాసుకున్నది. ఊళ్ళోవాళ్ళు పిలుచుకునే పేరు వేరు. పట్టాల మీదున్నది మొదటిది. వాళ్ళ అమ్మ నోట వచ్చేది రెండవది. ఏది రాయాలని అడిగాడు. రెండవదే రాయమన్నాను. విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందా అన్నాడు. నిబంధనల పుస్తకం తీసి ఇద్దరం వెతుకుతున్నాం.